మిషిగన్ నుంచి జెర్సీ సిటీకి కొన్ని చేపగుడ్లు

అమెరికా దుకాణంలో చేపకు తల ఉండదు.

ట్రాయ్‌లో దిగిన మర్నాడే నాకీ సంగతి తెలిసింది. ట్రాయ్ డెట్రాయిట్‌ను ఆనుకుని ఉన్న ఊరు. కార్ల కంపెనీల్లో పనిచేసే మనవాళ్ళు అక్కడ వీధికి నలుగురు కనిపిస్తారు. మా పెదనాన్న కొడుకు భాస్కర్ వారిలో ఒకడు. అతని భార్య పద్మ నన్ను అక్కడి సరుకుల దుకాణానికి తీసుకెళ్ళింది. గాజు వెనక మంచు మీద చేపముక్కలు పేర్చి ఉన్నాయి. ముల్లు లేదు, తోలు లేదు, తల లేదు. పౌను పన్నెండు డాలర్లు. పౌనంటే అరకిలో కన్నా తక్కువే.

“కన్ను లేకుండా తాజాదో కాదో ఎలా తెలుస్తుంది?” అన్నాను.

“డేట్ ఉంటుందిగా వదినా, లేబుల్ మీద,” అంది పద్మ.

మాది కైకలూరు. కొల్లేరు పక్క ఊరు, చుట్టూ చేపల చెరువులే. మా బజారులో తేదీ ఎవరూ అడగరు. మొప్ప ఎత్తి చూస్తారు, కన్ను చూస్తారు. కన్ను తేటగా ఉంటే సంచిలో వేయించుకుంటారు, మసకగా ఉంటే పక్క గంప దగ్గరికి పోతారు. మా చెల్లెలు వసుంధర మాత్రం పక్క గంప దగ్గరికి పోయేది కాదు. ఇంకా ఎగురుతున్న చేపకు కూడా కన్ను ఎందుకు మసకేసిందని, అమ్మే ఆమెను నిలబెట్టి అడిగేది. ఆమెకు బేరం పోయేది, మాకు ఆలస్యమయ్యేది.

వసు ఆ ప్రశ్నను వదల్లేదు. చేపల శాస్త్రం చదివింది. చెరువుల్లో పెంచే చేపలకు కంట్లో పొర ఎందుకొస్తుందో, ఏది పురుగు వల్ల, ఏది మేతలో లోపం వల్ల అని తేల్చడానికి ఏళ్ళు పెట్టింది. రైతులకు ఆ తేడా ముఖ్యం. ఒకదానికి మందు పనిచేస్తుంది, రెండోదానికి మందు దండగ. మధ్యలో కొన్నాళ్ళు మిషిగన్‌లోని ఒక విశ్వవిద్యాలయంలో, మనుషుల కంటి జబ్బుల మీద పనిచేసే ప్రయోగశాలలో ఉంది. అక్కడ చిన్న జీబ్రా చేపల్లో ఒక వంశాన్ని తయారుచేసింది. అవి తేటకళ్ళతో పుడతాయి. నడివయసు వచ్చేసరికి మనకు వచ్చినట్టే వాటికీ కంట్లో పొర వస్తుంది. అది ఎలా మొదలవుతుందో చేపలో చూడవచ్చు, మనిషిలో చూడలేం. తర్వాత ఆమె ఇండియా వచ్చేసింది, ఇక్కడే కాలేజీలో పాఠాలు చెప్పింది. చేపలు అక్కడే ఉండిపోయాయి.

పోయిన వానాకాలంలో వసు చనిపోయింది.

ఆమె వ్యాసాలన్నీ నా దగ్గరున్నాయి. నేను కాలేజీ లైబ్రేరియన్‌గా పనిచేసి రిటైరయ్యాను. అర్థంకాని పుస్తకాల దుమ్ము దులపడం నాకు అలవాటే. అయినా చెల్లెలు రాసింది ఒక పేజీ కూడా అర్థం కాకపోవడం కష్టంగా ఉండేది. చలికాలం చివర్లో ఆ ప్రయోగశాల పెద్ద, మార్గరెట్ అనే ఆవిడ, నాకు మెయిల్ రాశారు. తను రిటైరవుతున్నారు, చేపల గది మూసేస్తారు. వసు చేపలను తీసుకోవడానికి న్యూజెర్సీలో ఒక ప్రయోగశాల ఒప్పుకుంది. కానీ పెద్ద చేపలను పంపితే వాటితోపాటు జబ్బులు కూడా వెళతాయని గుడ్లు మాత్రమే పుచ్చుకుంటారు. మిగిలిన చేపలు ముసలివి. అవి మే నెలలో గుడ్లు పెడితే వంశం ఉంటుంది, లేకపోతే అక్కడితో సరి.

నేను వస్తున్నానని జవాబు రాశాను. నన్నెవరూ పిలవలేదు.

చేపల గది

మే నెలలో కూడా మిషిగన్‌లో స్వెటర్ విప్పలేదు. చేపల గది తలుపు తీసేసరికి మాత్రం కళ్ళద్దాలు మసకేశాయి. వేడి, తడి, చెరువు వాసన. ఇంత దూరం వచ్చి మళ్ళీ కైకలూరులో అడుగుపెట్టినట్టుంది.

“అద్దాలు తీసెయ్యండి ఆంటీ, రెండు నిమిషాల్ల సెట్ అయితది,” అంది శ్రావణి.

జమ్మికుంట అమ్మాయి. అక్కడ పీహెచ్‌డీ చేస్తోంది, ఈ చేపలను చూసుకునేది ఆమే. వసును నేరుగా ఎప్పుడూ చూడలేదు, వీడియో కాల్‌లో మాట్లాడేదట. “మేడం ఎప్పుడు కాల్ చేసినా ఫస్ట్ క్వశ్చన్ ఒకటే ఆంటీ. ‘నువ్వు తిన్నావా’ అని కాదు. ‘అవి తిన్నాయా’ అని.” చెప్పి ఆమే నవ్వింది. నాకూ నవ్వొచ్చింది. వసు అలాగే అడుగుతుంది.

గోడ పొడుగునా అరల మీద ప్లాస్టిక్ తొట్లున్నాయి. వాటినిండా చిటికెన వేలంత చేపలు, ఒంటిమీద నీలం చారలు. కింది అరలో ఒక తొట్టి మీద ఇంగ్లీషు అక్షరాల్లో ‘కొల్లేరు’ అని రాసి ఉంది. వంశాన్ని తయారుచేసినవాళ్ళే దానికి పేరు పెట్టుకోవచ్చట. ఈ సంగతి వసు మాకెవరికీ చెప్పలేదు. నేను వంగి చూశాను. లోపల తిరుగుతున్న చేపల కళ్ళన్నీ పాలు కలిపినట్టున్నాయి. మా బజారులో అయితే ఎవరూ కొనరు.

గుడ్లు పెట్టించే పద్ధతి సులువు. సాయంత్రం ఒక మగచేపను, ఒక ఆడచేపను చిన్న తొట్టిలో వేసి మధ్యలో గాజులాంటి పలక పెడతారు. రాత్రంతా ఒకదాన్నొకటి చూసుకుంటాయి కానీ కలవలేవు. పొద్దున గదిలో దీపాలు వెలగగానే పలక తీసేస్తారు. ఈ చేపలు తెల్లవారితేనే గుడ్లు పెడతాయి. మగది ఆడదాన్ని తరుముతుంది, గుడ్లు జల్లెడలోంచి అడుక్కి రాలతాయి.

“మ్యారేజ్ హాల్‌ల తెర తీసినట్టే ఆంటీ,” అంది శ్రావణి, పలకలు పెడుతూ.

మర్నాడు పొద్దున్నే మేం ముగ్గురం నిలబడ్డాం. మార్గరెట్ పొడుగ్గా, తెల్లజుట్టుతో, స్కూలు హెడ్‌మిస్ట్రెస్‌లా ఉంటారు. దీపాలు వెలిగాయి. శ్రావణి పలకలు తీసింది. మగచేపలు ఓ మూల, ఆడచేపలు ఓ మూల నిలబడిపోయాయి. ఒక జంట ఢీకొని భయపడి విడిపోయింది. మధ్యాహ్నం దాకా చూశాం. అడుగున ఒక్క గుడ్డు లేదు.

“తరమాలంటే కనపడాలి కదా,” అన్నారు మార్గరెట్. “వీటికి కనపడటం లేదు.”

మళ్ళీ ప్రయత్నించాలంటే ఆడచేపలకు వారం విశ్రాంతి కావాలి. గది మూసేలోపు ఇంకొక్క అవకాశమే ఉంది. ఆ సాయంత్రం పద్మ నన్ను ఊరడించడానికి చైనావాళ్ళ దుకాణంనుంచి తలతో ఉన్న చేపను పట్టుకొచ్చి పులుసు పెట్టింది. ఇక్కడే పుట్టిన వాళ్ళమ్మాయి అనన్య గిన్నెలోకి చూసి వెనక్కి గెంతింది.

“అత్తా! ఇట్స్ లుకింగ్ ఎట్ మీ! అది నన్ను చూస్తుంది!”

“చూడనీయవే, అదొక్కటైనా చూస్తోంది,” అన్నాను. ఎవరికీ అర్థం కాలేదు. పులుసు బావుంది.

ఉత్తరాన

ఆ వారంలో మార్గరెట్ నన్ను తన కారులో ఉత్తరానికి తీసుకెళ్ళారు. దారి పొడుగునా అడవి, మధ్యమధ్య సరస్సులు. నది ఒడ్డున పిల్లచేపలను పెంచి వదిలే కేంద్రం ఒకటుంది. వసు కొన్నాళ్ళు అక్కడికీ వెళ్ళి ట్రౌట్ చేపల కళ్ళు పరీక్షించిందట.

మధ్యాహ్నం రోడ్డు పక్క కొట్టులో ‘పేస్టీ’ తిన్నాం. పెద్ద కజ్జికాయ అనుకోండి. లోపల కొబ్బరికి బదులు మాంసం, బంగాళాదుంప. పూర్వం గనుల్లో పనిచేసేవాళ్ళు జేబులో పెట్టుకెళ్ళేవారట. ఉప్పు తప్ప మరే రుచీ లేదు. నేను సంచిలోంచి కారప్పొడి సీసా తీసేసరికి మార్గరెట్ చెయ్యి చాపారు. వద్దన్నా బోలెడు జల్లుకున్నారు. ముఖం కందిపోయింది, కళ్ళ నీళ్ళు కారాయి, ఆపకుండా మొత్తం తిన్నారు.

“వసు నాకు ఇది నేర్పించింది. తర్వాత ప్రాక్టీస్ పోయింది,” అన్నారు.

కేంద్రంలో సిమెంటు కాలవలు బారుగా ఉన్నాయి. నదినీళ్ళు ఒక చివర్నుంచి పడుతుంటే ట్రౌట్ చేపలన్నీ అటే ముఖం పెట్టి నిలబడి ఉన్నాయి. కళ్ళు ఎంత తేటగా ఉన్నాయో చెప్పలేను. అక్కడ పనిచేసే గడ్డపాయన రబ్బరు బూట్లతో వచ్చాడు. ఒక చేపను తడిచేత్తో పైకి తీసి, పక్కనుంచి కంటి మీదికి టార్చి వేసి చూపించాడు. ఎదురుగా వేస్తే వెలుగు తిప్పికొడుతుందని, పక్కనుంచి వేస్తేనే పొర తెలుస్తుందని వివరించాడు. మా బజారులో చేపను ఎండకు అడ్డంగా పట్టుకు చూసేది అందుకే. ఎవరు నేర్పారని అడిగాను.

“వాసూ అని ఇండియా ఆవిడ. కాలవలో జారిపడింది కూడా. లేచి, మొదట చేపలు బావున్నాయా అని అడిగింది. ఎలా ఉన్నారావిడ?”

మార్గరెట్ నావైపు చూశారు. నేను చెప్పాను. అక్కనని కూడా చెప్పాను. అతను టార్చి ఆర్పేశాడు, చేపను నీళ్ళలోకి జాగ్రత్తగా వదిలాడు. “అయితే ఇంకోటి చూపిస్తాను రండి,” అని మిగిలిన కాలవలన్నీ తిప్పాడు. ఆ మధ్యాహ్నం నేను ట్రౌట్ల గురించి తెలుసుకున్నంత ఇంకెవరూ తెలుసుకుని ఉండరు.

తిరుగుదారిలో మార్గరెట్‌తో మా తొలకరి గురించి మాట్లాడాను. కొత్తనీరు రాగానే కొల్లేటి చేపలు ఏరుల్లోకి ఎదురెక్కుతాయి. కురిసిన రాత్రే జనం వలలు పట్టుకు పోతారు. వాటికి వాన కనపడదు కదా, నీటిలో తేడా ఒంటికి తెలుస్తుంది కాబోలు అన్నాను. ఊరికే ఏదో చెప్పాలని చెప్పిందే.

ఆవిడ బండి వేగం తగ్గించారు. “మేం కూడా అప్పుడప్పుడు నీళ్ళు మారుస్తాం, తొట్టి వంచుతాం. వసు ఎప్పుడూ చేసేది. పలక తీయడంతోటే పని జరిగిపోతోందని మానేశాం. శ్రావణికి ఫోన్ చెయ్యండి.”

రెండోసారి

ఈసారి శ్రావణి తొట్లను ఒక పక్కకి వంచింది. ఒకవైపు లోతు, ఒకవైపు చేప వీపు మునిగేంత నీరే. దీపాలు వెలిగే ముందు పాతనీరు తీసి కొత్తనీరు పోసింది. సన్నగా, ఒక మూలనుంచి, పోస్తూనే ఉంది. మార్గరెట్ పలకలు తీశారు.

మొదట ఏమీ జరగలేదు. తర్వాత ఒక ఆడచేప నీరు పడుతున్న వైపుకి తిరిగింది. ఎదురెక్కింది. మగది దాని వెనక, ముట్టె ఆనించి, కనపడకపోయినా వదలకుండా పోయింది. రెండూ లోతులేని చోటికి చేరి ఒణికాయి. పక్క తొట్టిలో ఇంకో జంట కదిలింది.

“పెట్టినయ్! ఆంటీ, గుడ్లు పెట్టినయ్!” శ్రావణి చేతిలో నీళ్ళ మగ్గు నా చీర మీద ఒలికింది. నేనూ అరిచాను. ఏమని అరిచానో గుర్తులేదు. వసు పోయాక నా గొంతు అంత గట్టిగా నేనే వినలేదు. మార్గరెట్ నోరు రెండుచేతులతో మూసుకుని నిలబడ్డారు.

ఎక్కువ లేవు, చిన్న చెంచాడు. శ్రావణి వాటిని సూక్ష్మదర్శిని కింద పెట్టి నన్ను కూర్చోబెట్టింది. గాజుగోళీల్లా ఉన్నాయి. నేను చూస్తుండగానే ఒకదానిలో పైన ఉన్న బుడిపె మధ్యకు నొక్కుపడి రెండైంది. ఇంకాస్త సేపటికి నాలుగైంది. లేవమంటే లేవలేదు. పుస్తకాల్లో చదివినదే, కానీ చదవడం వేరు.

“కళ్ళెప్పుడొస్తాయి?”

“రేపు సాయంత్రంకి నల్ల చుక్కలు కనిపిస్తయ్ ఆంటీ. అప్పటికి మనం జెర్సీల ఉంటం.”

కొరియర్‌లో పంపితే కిందటి చలికాలంలో ఒక పెట్టె దారిలోనే గడ్డకట్టిందట. అందుకే ఈసారి శ్రావణి కారులో తీసుకెళ్తానంది. నాకూ చోటుంది.

దారిలో

మర్నాడు తెల్లవారుతుండగా శ్రావణి ట్రాయ్ వచ్చింది. గుడ్లు ముదురురంగు పల్చటి ప్లాస్టిక్ ఫ్లాస్కులో, దానికి బయట థర్మామీటరు పట్టీ, ఆ ఫ్లాస్కు తెల్లటి థర్మోకోల్ పెట్టెలో. పద్మ ఊరుకోదు కదా, మమ్మల్ని కూర్చోబెట్టి ఇడ్లీలు పెట్టింది. మేం తింటుండగా దారిలోకి పులిహోర, పెరుగన్నం కట్టి, తనే కారులో సర్దింది.

ఒహాయో అంతా చదును. అక్కడక్కడ మొక్కజొన్నకు దున్నిన పొలాలు, వాటి మధ్య మనిషనేవాడు లేడు. శ్రావణి చదువు సంగతులు చెప్పింది. వీసా, జాబ్ మార్కెట్, గైడ్ రిటైరైతే పీహెచ్‌డీ ఏమవుతుందన్న బెంగ. ఈ గుడ్లు బతికితే న్యూజెర్సీ లాబ్‌లో వాటితోపాటు తననీ తీసుకుంటారట. “నేను ఫ్రీ గిఫ్ట్ ఆంటీ, ఫిష్ కొంటే వచ్చే కవర్ లెక్క,” అంది. నవ్వుతూనే అంది కానీ స్టీరింగ్ గట్టిగా పట్టుకుంది.

రెస్ట్ ఏరియాలో కాఫీ తాగుతుంటే పద్మ ఫోన్ చేసింది.

“పెరుగన్నం తిన్నారా వదినా? పులవదులెండి. ఐస్ ప్యాక్‌లు పెట్టేశాను, రెండు పెట్టెల్లోనూ. ఆ తెల్ల పెట్టెలో మీరు ఐస్ వేయడం మర్చిపోయినట్టున్నారు.”

శ్రావణి కాఫీ అక్కడే వదిలేసి పరిగెత్తింది. నేను వెనకాల పరిగెత్తాను. ఫోన్లో పద్మ “ఏమైంది? ఏంటొదినా?” అంటూనే ఉంది. పెట్టె తెరిస్తే ఫ్లాస్కుకి అటూ ఇటూ నీలం ఐస్ ప్యాక్‌లు, ఎవరో ఎంతో ప్రేమగా పెట్టినట్టు, రెండు. ఇరవై ఎనిమిది డిగ్రీలుండాల్సిన నీళ్ళు పంతొమ్మిదికి దిగాయి.

“చచ్చినయా?” అన్నాను.

“తెల్వది ఆంటీ. తెల్లగైతే చచ్చినట్టు. కానీ ఇక్కడ ఫ్లాస్క్ ఓపెన్ చెయ్యలేం. మెల్లగ వేడి చెయ్యాలె, మెల్లగ. ఒకేసారి చేస్తే ఉన్నవి కూడ పోతయ్.”

కారులో హీటర్ నిండా పెట్టింది. నేను ముందుసీట్లో ఫ్లాస్కును పొట్టకు ఆనించుకుని, పైన చీరకొంగు, ఆపైన పద్మ ఇచ్చిన శాలువా చుట్టుకున్నాను. ఒంటివేడి చాలు, అంతకుమించి వద్దు అంది శ్రావణి. పెన్సిల్వేనియా కొండలన్నీ అలాగే దాటాం. కిటికీలు మూసి, ఇద్దరం చెమటలు కక్కుతూ, గ్లాసు చల్లటినీళ్ళు తాగాలన్నా పక్కకు తిరిగి తాగుతూ. బయట చలిగాలికి చెట్లు ఊగుతున్నాయి. కారులో మాత్రం రోహిణీకార్తె. టోల్ గేటు దగ్గర అద్దం దించితే లోపలి వేడికి అక్కడి ఉద్యోగిని వెనక్కి జరిగింది.

“ఆర్ యూ ఓకే?” అంది.

“ఫిష్ ఎగ్స్,” అంది శ్రావణి. ఆవిడ గేటు ఎత్తేసింది.

పద్మ గంటకోసారి ఫోన్ చేసింది. మూడోసారి ఏడ్చింది. “వసు వదిన చేపల్ని నేనే చంపేశానొదినా,” అంది. నాకు కోపం రాలేదు. ఈ దేశంలో ఇన్నేళ్ళుగా ఎవరు ఏ ఊరికి బయల్దేరినా పెరుగన్నం కట్టి, పాడవకుండా ఐస్ పెట్టి పంపిన మనిషి. ఆ చేతికి అదే తెలుసు. ఆ మాట చెప్పి, పెరుగన్నం తిన్నాం అన్నాను. నిజంగానే తిన్నాం. మొత్తం ప్రయాణంలో చల్లగా ఉన్నది అదొక్కటే.

జెర్సీ సిటీ

ఎండ ఉండగానే చేరాం. నదికవతల మన్‌హట్టన్ భవనాలు మెరుస్తున్నాయి. చూడమని శ్రావణి అంది, నేను చూసినట్టు తల ఊపాను. ప్రయోగశాలలో డేవిడ్ అనే యువ శాస్త్రవేత్త ఎదురుచూస్తున్నాడు. శాలువా విప్పి ఫ్లాస్కును చేతికిస్తే, “వెచ్చగా ఉంది,” అన్నాడు ఆశ్చర్యంగా.

గుడ్లను గాజు పళ్ళెంలో పోశారు. దాదాపు సగం తెల్లబడ్డాయి. వాటిని ఒక్కొక్కటే ఏరి తీసేశాడు. మిగిలినవి తేటగా ఉన్నాయి. లోపల చిన్న వంపు, తలా తోకా తెలుస్తున్నాయి. కళ్ళుండాల్సిన చోట ఏమీ లేదు, పారదర్శకంగా ఖాళీగా ఉంది.

“ఈపాటికి నల్లబడాలి,” అంది శ్రావణి మెల్లగా.

“చలికి ఆలస్యమై ఉండొచ్చు, ఆగిపోయి ఉండొచ్చు. పొద్దున తెలుస్తుంది,” అన్నాడు డేవిడ్. పళ్ళెం వెచ్చటి అరలో పెట్టి తలుపేశాడు.

ఆ పూట శ్రావణి స్నేహితుల అపార్ట్‌మెంట్‌లో ఉన్నాం. నలుగురు అమ్మాయిలు, ఇద్దరిది గుంటూరు, ఇద్దరిది వరంగల్. టమాటా పప్పు పెట్టారు. వాళ్ళకు సంగతి తెలిసి ఆఫీసు కబుర్లన్నీ ఆపేసి చేపల గురించే అడిగారు. “ఆంటీ, కళ్ళొస్తే గ్రూప్‌లో పెట్టండి,” అంది ఒకమ్మాయి. పొద్దున వాళ్ళు మన్‌హట్టన్ రైలు కోసం జనంతోపాటు స్టేషన్‌లోకి పరుగెత్తారు. మేమిద్దరం జనానికి ఎదురు నడిచాం.

డేవిడ్ అప్పటికే అక్కడున్నాడు. కుర్చీ నాకు వదిలి లేచాడు.

కన్ను ఆనించాను. మొదట నా కనురెప్పే అడ్డొచ్చింది. తర్వాత కనపడింది. వంకరగా చుట్టుకున్న చేపపిల్ల తోక ఒక్కసారి విదిలించింది. తలలో నల్లటి గుండ్రం. ఆ నలుపు మధ్యలో చిన్న గాజుపూసలాంటిది. పళ్ళెం జరిపాను. పక్కదానికీ ఉంది. దాని పక్కదానికీ. వెలుగు పక్కనుంచి వేయమన్నాను. డేవిడ్ దీపం పక్కకు జరిపాడు. పొర లేదు. నడివయసులో వస్తుంది, అది రావాలనే వసు వీటిని తయారుచేసింది. వచ్చేటప్పుడు చూడటానికి ఇక్కడ మనుషులుంటారు.

శ్రావణి నన్ను వెనకనుంచి పట్టుకుని ఊపేస్తోంది. ఆమె ఫోన్ మోగింది. పద్మ. శ్రావణి స్పీకర్ పెట్టింది.

“వదినా,” అంది పద్మ, గొంతు బొంగురుపోయి ఉంది. “ఎలా ఉన్నాయి? కన్ను చూశారా?”

“చూశాను పద్మా,” అన్నాను, కన్ను తీయకుండానే. “తాజాగా ఉంది.”